హన్మకొండ ఫుడ్ ట్రక్ మీద చేప, రొయ్యల టాకోలు: రొట్టె పగులుతోంది, చేప మెత్తబడుతోంది, ఏం మార్చాలె?

బండి_హన్మకొండ

అన్నలూ, అక్కలూ, తెలిసినోళ్ల సలహా కావాలె. హన్మకొండల సాయంత్రం 6 నుంచి రాత్రి 10:30 దాక ఫుడ్ ట్రక్. మెనూ చిన్నదే: బాహా తరీక చేప టాకో (మెక్సికోల బాహా తీరం పద్ధతి, వేయించిన చేపను రొట్టెల మడిచి ఇచ్చుడు), రొయ్యల టాకో, నిమ్మసోడా. రోజుకు 80 ప్లేట్లు, ప్లేటుకు రెండు టాకోలు లెక్క. అందుల సగం చేప, సగం రొయ్య. సామాను: 6 లీటర్ల గ్యాస్ ఫ్రయర్ ఒకటి, రెండడుగుల ఇనుప పెంక ఒకటి, 100 లీటర్ల ఐస్ బాక్సులు రెండు. ఫ్రిజ్ ఇంటికాడ ఉన్నది, ట్రక్కుల లేదు.

చిక్కులు ఇవి. గిర్నిల పట్టించిన మక్క పిండితోని రొట్టె చేస్తే కాలినప్పుడు మంచిగనే ఉంటది, మడతపెట్టంగనే నడిమిట్ల పగులుతది. మైదా రొట్టె పెడితే పగలదు గని తిన్నోళ్లు "ఇది ఫ్రాంకీ కదా" అంటున్నరు. ఫ్రై చేసిన చేప ఐదు నిమిషాలల్ల మెత్తబడుతది. టమాట సల్సా నీళ్లు దిగి పేపర్ ప్లేట్ తడుస్తది, రొట్టె కిందికెల్లి చినుగుతది. వంజరం గిట్టుబాటు అయితలేదు, మరి ఏ చేప వాడాలె? కొందరు స్టూడెంట్లు సెవిచే టోస్టాడా, అంటే కరకర వేయించిన రొట్టె మీద సెవిచే, అడుగుతున్నరు. నిమ్మరసంల నానేసిన పచ్చి చేప ఇక్కడ పెట్టొచ్చా?

కొలతలతోని చెప్తే బాగుంటది.

---

పెంకమీద_మక్కరొట్టె

ముందుగాల రొట్టె సంగతి. అది కుదరకపోతే మీద ఏం పెట్టినా లాభం లేదు.

నీ పిండిల తప్పు లేదు, పద్ధతిల ఉన్నది. మక్కలల్ల గోధుమ లెక్క గ్లూటెన్, అంటే పిండిని సాగనిచ్చే జిగురు, ఉండదు. పొడి పిండిని ఉడుకు నీళ్లతోని కలిపితే పైపైన కొంచెం జిగురు వస్తది, జొన్న రొట్టెకు అది సరిపోతది, ఎందుకంటే జొన్న రొట్టెను మనం తుంపుకొని తింటం. టాకోను మడవాలె, అందుల తడి సరుకు పెట్టాలె. దానికే మెక్సికోల మక్కలను సున్నపు నీళ్లల్ల ఉడకబెట్టి నానేస్తరు. ఆ పనిని నిక్స్‌టమలైజేషన్ అంటరు. సున్నం గింజ పొట్టును కరిగిస్తది, పొట్టుల ఉన్న జిగురు బయటికి వచ్చి ముద్దను పట్టి ఉంచుతది. మక్కలల్ల ఒంటికి పట్టకుండ కట్టేసినట్టు ఉండే నియాసిన్ విటమిన్ కూడ దీనితోనే అందుతది. ఈ పద్ధతి లేకుండ ఒట్టి మక్కల మీద బతికిన దేశాలల్ల పెల్లాగ్రా రోగం వచ్చింది గందుకే.

కిలో ఎండు మక్కలకు 3 లీటర్ల నీళ్లు, పొడి సున్నం 10 గ్రాములు. పాన్ డబ్బాల దొరికే తడి సున్నమైతే సగం నీళ్లే కాబట్టి 20 గ్రాములు. వాసన కలిపినది వద్దు, గోడకు కొట్టే సున్నం అసలే వద్దు. గంజు స్టీలుదే పెట్టు, అల్యూమినియాన్ని సున్నం తింటది. మక్కలు తీసుకునేటప్పుడు రెండు చూసుకో: విత్తనానికి అమ్మే గులాబీ, పచ్చ రంగు పూసిన గింజలకు పురుగుమందు ఉంటది, అవి తిండికి పనికిరావు. కోళ్ల దాణాకు పోయే చౌక సరుకుల బూజు గింజలు కలుస్తయి, నల్లగ, బూడిద రంగుల కనబడే వాటిని ఏరెయ్యాలె. బూజు విషం ఉడకబెడితే పూర్తిగ పోదు. స్వీట్ కార్న్‌తోని ఈ పని కాదు.

సన్న మంట మీద 40 నుంచి 50 నిమిషాలు. మన దగ్గర పండే పసుపు మక్కలు గట్టి రకం, అమెరికా వీడియోలల్ల చెప్పే 20 నిమిషాలు చాలయి. వేళ్ల నడుమ నలిపితే పొట్టు జారాలె, కొరికితే లోపట చిన్న తెల్ల సుద్ద చుక్క మిగలాలె. అప్పుడు దించి మూతపెట్టి రాత్రంత, 10 నుంచి 12 గంటలు, ఉంచు. పొద్దున రెండు సార్లు కడుగు. పొట్టంత పోయేదాక రుద్దకు, కొంచెం ఉంటేనే ముద్ద సాగుతది.

రుబ్బుడే అసలు కష్టం. వెట్ గ్రైండర్ల వేస్తే నీళ్లు ఎక్కువ అడుగుతది, ముద్ద దోశ పిండి అయితది. కిలో మక్కలకు 150 నుంచి 200 మిల్లీలీటర్ల కంటె ఎక్కువ నీళ్లు పోయకు. కొంచెం కొంచెం వేసి రుబ్బు, పలుచనైతే పొడి మక్క పిండి కలుపు. అది పదో వంతు దాటితే మళ్లా పగులుడు మొదలైతది. ఇంకో దారి: కడిగిన గింజలను ఎండల గట్టిగ ఎండబెట్టి గిర్నిల మెత్తగ పట్టించు. ఇక్కడి ఎండకు అదేం పెద్ద పని కాదు. గింజల తడి ఉంటే మాత్రం గిర్నోడు పట్టడు, రాయికి అంటుకుంటది. పొడి డబ్బాల పెట్టుకుంటే ఏ రోజుకారోజు గోరువెచ్చని నీళ్లతోని కలుపుకోవచ్చు. ట్రక్కుకు ఇదే సుఖం.

ముద్ద కలిపినంక తడి బట్ట కప్పి అరగంట ఉంచు. చిన్న ఉండను బొటనవేలితోని ఒత్తు. అంచులు పగిలితే నీళ్లు చాలలే, చేతికి అంటితే ఎక్కువైనయి. 30 గ్రాముల ఉండను రెండు పాలిథిన్ ముక్కల నడుమ పెట్టి పూరీ ప్రెస్‌తోని ఒత్తితే 12, 13 సెంటీమీటర్ల రొట్టె వస్తది. పెంక బాగ కాలి ఉండాలె. మొదటి వైపు 30 సెకన్లు, తిప్పి ఒక నిమిషం, మళ్లా తిప్పి నడుమ వేళ్లతోని తడితే పొంగుతది. పొంగకపోతే పెంక చల్లగ ఉన్నట్టు, లేకపోతే ముద్ద ఎండినట్టు.

ఇక చాలమంది వదిలేసే ముచ్చట. కాలిన రొట్టెను వెంటనే మడవకు. బట్టల చుట్టి హాట్ బాక్సుల దొంతర పెట్టి పావుగంట ఆగు. లోపటి ఆవిరి అంతట సమానంగ పాకినంకనే రొట్టె వంగుతది. అమ్మే ముందు పెంక మీద పది పది సెకన్లు రెండు దిక్కులా చూపియ్యి.

160 టాకోలకు ఒక్కో రొట్టె చొప్పున 4.8 కిలోల ముద్ద. కిలో ఎండు మక్కలకు సుమారు 1.8 కిలోల ముద్ద వస్తది కాబట్టి 3 కిలోల మక్కలు నానేస్తే కొంచెం మిగులుతది కూడ. మెక్సికో వీధులల్ల చాలచోట్ల రెండు చిన్న రొట్టెలు జోడించి ఇస్తరు. చినుగుడు మరీ ఎక్కువైతే ఆ దారి పట్టు, లెక్క రెండింతలు చేసుకో.

మైదా రొట్టె టాకో కాదనేటోళ్లకు ఒక్క మాట చెప్పు: ఉత్తర మెక్సికోల, సొనోరా దిక్కు, గోధుమ రొట్టెనే తింటరు. నువ్వు దాన్ని చుట్టి ఇస్తే ఫ్రాంకీ, మడిచి ఇస్తే టాకో. కాని చేపకు మక్క రొట్టెనే రుచి.

---

చాపల_మార్కెట్

చేప గురించి. టాకోకు కావాల్సినవి మూడు: ముల్లు ఉండకూడదు, కండ విడిపోకూడదు, చేపలో నీరు తక్కువ ఉండాలి. ఖరీదైన చేపే కావాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ టాకోకు పేరు తెచ్చిన ఎన్సెనాడాలో, బాహా కాలిఫోర్నియా తీరంలో, చిన్న సొర చేపల్ని కూడా వాడుతూ వచ్చారు.

రవ్వ, బొచ్చె వద్దు. చెరువు చేపలు కదా, తాజాగా దొరుకుతాయి కదా అని చాలామంది మొదట అటే చూస్తారు. వాటి కండ మధ్యలో చీలిన సన్న ముళ్లుంటాయి. ఎంత ఫిలే (నడిముల్లు తీసిన కండ) తీసినా అవి పోవు. పులుసులో చూసుకుని తినేవాళ్లే టాకోని కొరుక్కుని తింటారు, గొంతులో గుచ్చుకుంటుంది. బంగారు తీగ కూడా అదే బాపతు.

కొర్రమీను అన్నిటికంటే బాగుంటుంది. నడిముల్లు తీస్తే మిగిలిన కండ దాదాపు శుభ్రం, గట్టిగా ఉంటుంది, వేయించినా ముక్క విరగదు. ఇబ్బంది ధరతోనూ, తరుగుతోనూ. తల, తోలు, పేగులు, ముల్లు పోను చేతికి వచ్చేది చేప బరువులో సగానికి తక్కువే. వారాంతంలో "స్పెషల్" అని పెట్టుకోవచ్చు, రోజూ గిట్టదు.

పంగాసియస్, అంటే షాపుల్లో బాసా పేరుతో అమ్మేది, మీ లెక్కకు సరిపోతుంది. ముల్లు లేదు, చౌక, ఏడాదంతా దొరుకుతుంది. లోపం దాని నీరు. గడ్డకట్టిన ఫిలేను ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో జల్లెడ మీద పెట్టి కరగనివ్వండి. బయట పెట్టొద్దు, నీళ్లలో వేయొద్దు. కరిగాక వేలెడు పొడవు, రెండు వేళ్ల మందం ముక్కలు కోసి, కిలోకు 15 గ్రాముల ఉప్పు రాసి 20 నిమిషాలు జల్లెడలో ఉంచితే నీరు బయటికి వస్తుంది. తర్వాత బట్టతో గట్టిగా అద్దాలి. మీ చేప మెత్తబడటానికి సగం కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద రాసి నానబెట్టే అలవాటు ఈ టాకోలో మానుకోండి. ముద్దలోని తడి పూతను పట్టనివ్వదు. మిరియం, ఉప్పు చాలు.

వంజరం, సూర, కనగర్తలు వాడేటట్టయితే ఒక జాగ్రత్త. ఇవి చల్లదనం తప్పితే వాటిలో హిస్టమిన్ అనే విషం తయారవుతుంది, ఎంత వేయించినా అది పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. వాసన బాగానే ఉన్న చేపలో కూడా ఇది ఉండొచ్చు. ఐస్‌లో వచ్చిందో లేదో తెలియని చేపను ఈ రకాల్లో కొనకపోవడమే మంచిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజుల్లో వరంగల్‌కు "తాజా వంజరం" అని వచ్చేదాన్ని కొంచెం అనుమానంగానే చూడాలి.

రొయ్యలకు ఆ బాధ లేదు. కోస్తా చెరువుల్లో పెంచే వనామీ రకం ఏడాది పొడవునా ఉంటుంది. 40 కౌంట్ తీసుకోండి, అంటే తలతో కలిపి కిలోకు 40. ఒక్కోటి 25 గ్రాములు, ఒలిచాక 12, 13 గ్రాములు. టాకోకు నాలుగు పెడితే 50 గ్రాములు వస్తుంది. 80 రొయ్యల టాకోలకు 320 రొయ్యలు, అంటే 8 కిలోలు. చేప టాకోకు ముల్లు లేని కండ 60 గ్రాముల చొప్పున సుమారు 5 కిలోలు. రొయ్యల తల వెంటనే తీసేయండి, నల్లబడటం తలలోంచే మొదలవుతుంది. వీపు మీది నల్ల దారం లాగేయాలి. పెంకు గుల్లబారి, కండ నుంచి ఊడివస్తున్న రొయ్య పాతది.

ఐస్ బాక్సులో సరుకెంత బరువో ఐస్ అంత. మే నెలలో దానికి ఒకటిన్నర రెట్లు. అడుగున కరిగిన నీరు పోయే చిల్లు తెరిచే ఉంచండి, చేప నీళ్లలో తేలితే రుచి, గట్టిదనం రెండూ పోతాయి. మూత కట్టిన డబ్బాల్లో పెట్టి చుట్టూ ఐస్ నింపడం ఇంకా మేలు. ఒక బాక్సు పచ్చి సరుకుకు, రెండోది సాస్‌లకు, కూరగాయలకు. రెండూ కలపొద్దు. గంటకు సరిపడా ముక్కలు మాత్రమే బయటికి తీయండి.

ఫార్మలిన్ భయం ఉంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన పరీక్ష స్ట్రిప్పులున్నాయి. చేప మీద రుద్ది, రసాయనం చుక్క వేస్తే రంగు మారుతుంది.

---

సలసల_నూనె

చేప మెత్తబడటానికి మిగతా సగం కారణం నూనెలో ఉంది.

పూత కిలో చేపకు: మైదా 200 గ్రాములు, బియ్యప్పిండి 50, బేకింగ్ పౌడర్ 5, ఉప్పు 5, చల్లటి సోడా 280 నుంచి 300 మిల్లీలీటర్లు. మిర్చి బజ్జీ పిండి కంటే పలుచగా ఉండాలి. సోడా ఐస్‌లో ఉన్నది కావాలి, కలిపిన గిన్నె కూడా ఐస్ మీదే ఉండాలి. పిండి చల్లగా ఉంటే గ్లూటెన్ సాగదు, సోడా గ్యాస్ నూనెలో వ్యాకోచించి పూతను గుల్ల చేస్తుంది. ఉండలు పూర్తిగా కరిగేదాకా గిలక్కొట్టొద్దు. ఒకేసారి 5 కిలోలకు కలిపి పెడితే గంటలో గ్యాస్ పోతుంది. అరగంటకోసారి కొత్తగా కలుపుకోండి. ముక్కను ముందు పొడి మైదాలో దొర్లించి, దులిపి, ఆ తర్వాత పూతలో ముంచాలి. ఈ పొడి పూత లేకపోతే తినేటప్పుడు తొడుగు ఒకచోట, చేప ఒకచోట అవుతాయి.

నూనె 180 డిగ్రీలు. థర్మామీటర్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు, పిండి చుక్క తేలితే కాగిందనే లెక్క ఇక్కడ కుదరదు. 6 లీటర్ల ఫ్రయర్‌లో ఒక వాయికి 8 ముక్కలు, మహా అయితే 9. ఇరవై వేస్తే నూనె 150కి పడిపోతుంది, పూత గట్టిపడకముందే నూనె తాగుతుంది. 30 గ్రాముల ముక్కకు మూడు నిమిషాలు. బుడగలు తగ్గి, చప్పుడు సన్నబడితే లోపలి నీరు చాలావరకు పోయినట్టు. ముక్క మధ్యలో 63 డిగ్రీలు దాటాలి. వాయికి నాలుగు టాకోలు, వాయికీ వాయికీ మధ్య నూనె మళ్లీ కాగే సమయం కలిపి నాలుగు నిమిషాలు అనుకుంటే 80 చేప టాకోలకు 20 వాయిలు, గంటా ఇరవై నిమిషాలు. రాత్రంతా పరుచుకుంటే సులభమే, ఎనిమిదింటికి ఇరవై మంది ఒక్కసారే వస్తే మాత్రం క్యూ తప్పదు.

తీశాక టిష్యూ మీద వేస్తున్నారా? మెత్తబడేది అక్కడే. కింద ఆవిరి చేరి పూత తడుస్తుంది. తీగల స్టాండు మీద, ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టండి. మూత అసలు వద్దు, పార్శిల్ డబ్బాకు కూడా చిల్లులుండాలి. అయినా పది నిమిషాలకంటే కరకర నిలవదు. రద్దీకి ముందు కొన్ని వేయించి పెట్టుకోవాలంటే పూర్తిగా ఉడికేలాగే వేయించండి, అరగంటలోపు 190 డిగ్రీల నూనెలో 40 సెకన్లు మళ్లీ వేసి ఇవ్వండి. సగం ఉడికించి బయట పెట్టడం మాత్రం వద్దు. వరంగల్ ఎండాకాలం సాయంత్రాల్లో సగం ఉడికిన చేప అంటే సూక్ష్మజీవులకు విందు.

ట్రక్కుల్లో ఇంకో తిప్పలు గాలి. మంట పక్కకు వాలి నూనె కాగదు, వంటవాడు బర్నర్ పాడైందనుకుంటాడు. ఫ్రయర్ మూడు వైపులా రేకు అడ్డం పెట్టండి, గ్యాస్ పైపుకు, సిలిండర్‌కు వేడి తగలకుండా చూసుకోండి.

నూనెకు పామోలిన్ నయం, పొద్దుతిరుగుడు నూనె కంటే ఎక్కువసేపు నిలబడుతుంది. ప్రతి వాయి తర్వాత రాలిన పూత ముక్కల్ని జాలితో తీసేయాలి. అవి మాడితేనే నూనె నల్లబడి చేదెక్కుతుంది. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. నురగ వచ్చి అణగకపోతే, 180 లోపే పొగ వస్తే, మీటరు లేకపోయినా ఆ నూనె మార్చాల్సిందే.

రొయ్యల్ని ఫ్రయర్‌లో వేయకండి. పెంక మీదే చేయండి. రొయ్యలు పడని కస్టమర్లు ఉంటారు, అదే నూనెలో చేప వేయించి ఇస్తే వాళ్లకు ప్రమాదం. పెంక బాగా కాల్చి, తడి అద్దిన రొయ్యల్ని నూనె, ఉప్పు, ఎల్లిగడ్డ తరుగుతో ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర. కొడవలిలా వంగితే సరి, గుండ్రంగా ముడుచుకుంటే ఎక్కువైనట్టు. ఒకేసారి రెండు కిలోలు పోస్తే అవి వేగవు, సొంత నీళ్లలో ఉడుకుతాయి. రొట్టెలు వెచ్చబెట్టే చోటు, రొయ్యల చోటు వేరుగా ఉండేలా పెంకను పంచుకోండి.

---

బండి_హన్మకొండ

అన్నా, టిష్యూ సంగతి నిజమే, స్టీలు గిన్నెల టిష్యూ వేసి అందుల పోస్తున్నం. తీగల స్టాండు రేపే తెస్త. సాస్‌ల గురించి, సెవిచే గురించి ఎవరన్న చెప్పుండ్రి. ఇప్పుడు వాడేది: ప్యాకెట్ మయోనీస్, టమాట సల్సా, క్యాబేజీ.

---

చపాటా_మిర్చి

మయోనీస్ ఎగ్‌లెస్ అయితేనే వాడు. పచ్చి గుడ్డుతోని చేసిన మయోనీస్‌ను తెలంగాణ సర్కారు 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. తేదీల లెక్క పక్కన పెట్టు, ఫ్రిజ్ లేని ట్రక్కుల పచ్చి గుడ్డు సాస్ ఎప్పటికీ పెట్టద్దు.

దానికంటె రుచైనది: గడ్డ పెరుగు కిలో బట్టల కట్టి ఫ్రిజ్‌ల నాలుగు గంటలు వేలాడదీస్తే అర కిలో చిక్కటి ముద్ద వస్తది. అందుల ఎగ్‌లెస్ మయోనీస్ 100 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం, ఒక ఎల్లిగడ్డ రెబ్బ నూరింది, ఉప్పు. ముక్కు ఉన్న ప్లాస్టిక్ సీసాలల్ల పోసి ఐస్‌ల పెట్టు. చేపతోని పెరుగు తింటే బొల్లి వస్తదని కొందరు జంకుతరు. దానికి వైద్యపరంగ ఆధారం లేదు, అయినా బండి కాడ వాదన ఎందుకు, అడిగినోళ్లకు ఒట్టి ఎగ్‌లెస్ మయోనీస్ సీసా వేరే ఉంచు.

టమాట సల్సా నీళ్లు దిగుతుందంటే ఉప్పు ముందే కలుపుతున్నట్టు. ఉప్పు తగలంగనే టమాట నీళ్లిడుస్తది. గట్టి హైబ్రిడ్ టమాట అర కిలో తీసుకో, నాటు టమాట పులుపు బాగుంటది గని రసం ఎక్కువ. సగానికి కోసి గింజల గుజ్జు తీసెయ్యి, ఆ గుజ్జు కింద చెప్పే ఎర్ర సల్సాల వేసుకోవచ్చు. సన్న ముక్కలు కోసి ఉల్లిగడ్డ 150 గ్రాములు, పచ్చి మిర్చి మూడు నాలుగు, కొత్తిమీర 30 గ్రాములు కలిపి ఐస్‌ల పెట్టు. ఉప్పు 6 గ్రాములు, రెండు నిమ్మకాయల రసం మాత్రం గంటకు సరిపడ తీసుకున్న దాంట్లనే, అప్పటికప్పుడు. వడ్డించే గిన్నె అడుగున జాలి పెట్టు. గరిటెకు చిల్లులుండాలె. నిమ్మకు వెతుకులాట లేదు, మెక్సికోల టాకో మీద పిండే చిన్న నిమ్మ, మన నిమ్మ ఒక్క జాతే.

ఇక ఎర్ర సల్సా. ఇక్కడ వరంగల్‌ది పైచేయి. చాలమంది ఆన్‌లైన్ల గ్వాహియో అనే మెక్సికో ఎండు మిర్చి తెప్పిస్తరు, ఎందుకో సమజ్ కాదు. చపాటా మిర్చి ఉండంగ దానితో పనే లేదు. దొడ్డు కాయ, టమాట మిర్చి అని కూడ అంటరు, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. గ్వాహియోకు ఉండే గుణం కూడ అదే. 2025ల దీనికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. ఎండు చపాటా 50 గ్రాములు గింజలు తీసి, ఘాటుకు తేజ మిర్చి నాలుగైదు. పెంక మీద ఒక్కో వైపు పది సెకన్లు, వాసన రాంగనే తియ్యి. నల్లబడితే చేదు, ఇంక ఏం కలిపినా పోదు. ఉడుకు నీళ్లల్ల 20 నిమిషాలు నానేసి, పెంక మీద కాల్చిన టమాటలు 400 గ్రాములు, సగం ఉల్లిగడ్డ, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, ఉప్పు 8 గ్రాములు వేసి మెత్తగ పట్టు. రెండు చెంచాల నూనెల ఐదు నిమిషాలు మరగనియ్యి. జిలకర గిట్ల పోపు పెట్టకు, టమాట తొక్కు అయితది. నానేసిన నీళ్లు చేదుంటే పారబొయ్యి.

క్యాబేజీ రెండు మిల్లీమీటర్ల సన్నంగ తరిగి ఐస్ నీళ్లల్ల పావుగంట వేస్తే కరకర వస్తది, తర్వాత బట్టల మూటగట్టి నీళ్లు పిండకుండ ఊపి దులుపు. ఆ ఐస్, నీళ్లు తాగే నీళ్లే ఉండాలె. చేపల బాక్సు ఐస్ తీసి ఇందుల వేస్తే మొత్తం ఖతం.

పేర్చే వరుస: రొట్టె మీద ముందుగాల పెరుగు సాస్ పలుచగ పుయ్యి, కొవ్వు పొర తడిని ఆపుతది. దాని మీద క్యాబేజీ, ఆ మీద చేప, చివరికి ఒక్క చెంచా సల్సా. బాహాల చాలచోట్ల చేప కింద, క్యాబేజీ మీద పెడతరు, కాని అక్కడ చేతికియ్యంగనే తింటరు. మన దగ్గర ఫొటోలు తీసి, మాట్లాడి, అప్పుడు తింటరు, కాబట్టి క్యాబేజీ కిందనే ఉండనియ్యి.

రొయ్యలకు ఇంకో సలహా: సినలోవా రాష్ట్రంల, మసత్లాన్ ఊరి టాకో గొబెర్నదోర్. రొయ్యలు, కాల్చిన పొబ్లానో మిర్చి, చీజ్ పెట్టి రొట్టెను పెంక మీదనే మడిచి కాలుస్తరు. పొబ్లానోకు బదులు బజ్జీ మిర్చి మంట మీద కాల్చి పొట్టు తీసి వాడు. టాకోకు మొజరెల్లా చీజ్ 25 గ్రాములు చాలు. కరిగిన చీజ్ రొట్టెకు అంటుకుంటది కాబట్టి తడవదు, చినగదు, పార్శిల్‌కు కూడ తట్టుకుంటది.

---

చాపల_మార్కెట్

సెవిచే గురించి నేనే చెప్తాను, ఇందులో మొహమాటం వద్దు. పెట్టకండి.

నిమ్మరసం చేప కండను తెల్లగా, గట్టిగా మారుస్తుంది, చూస్తే ఉడికినట్టే ఉంటుంది. కాని పరాన్నజీవుల్ని, బ్యాక్టీరియాను వేడి చంపినట్టు పులుపు చంపదు. చెరువు, నది చేపల్లో మనిషికి సోకే పురుగులుంటాయి కాబట్టి కొర్రమీను, తిలాపియా, పంగాసియస్ పచ్చిగా అసలు కుదరదు. సముద్రపు చేపను పచ్చిగా పెట్టాలంటే మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలి. ఇంటి ఫ్రీజర్ తలుపు తీసి మూసేటప్పటికి ఆ చల్లదనం నిలవదు. నిలిచినా దానితో పురుగులే చస్తాయి, బ్యాక్టీరియా చావదు.

అడిగేవాళ్లకు ఉడికించిన రొయ్యల టోస్టాడా పెట్టండి. ఒలిచిన రొయ్యల్ని ఉప్పు వేసిన మరుగు నీళ్లలో రెండు నిమిషాలు, వెంటనే ఐస్ నీళ్లలో, నీరు వడకట్టి ముక్కలు చేయాలి. అర కిలో రొయ్యలకు నాలుగు నిమ్మకాయల రసం, దోసకాయ, ఉల్లిగడ్డ, పచ్చి మిర్చి, కొత్తిమీర. మెక్సికోలో కూడా చాలాచోట్ల రొయ్యల సెవిచేను ఉడికించే చేస్తారు, కాబట్టి ఇది నకిలీ ఏమీ కాదు. నిన్నటి రొట్టెలు మిగిలితే నూనెలో కరకరలాడేదాకా వేయించి టోస్టాడాకు వాడుకోవచ్చు. ఐస్‌లో పెట్టినా ఆ రోజు సరుకు ఆ రోజే అయిపోవాలి.

---

నిలబడి_తినేటోడు

తినే దిక్కు నుంచి రెండు మాటలు. ప్లేటు ఇచ్చేటప్పుడు నిమ్మ చెక్క పక్కన పెట్టుండ్రి, ముందే పిండకుండ్రి. పిండినంక రెండు నిమిషాలకే పూత పోతది. టాకోను తల పక్కకు వంచి తినాలె, టాకోను వంచితే సరుకంత కింద పడుతది. ఈ సంగతి తెలువక చాలమంది చెంచా అడుగుతరు. పేపర్ ప్లేట్ లోతుగ, ఒక దిక్కు ఆనించి నిలబెట్టేటట్టు ఉంటే మంచిది.

కొనేటోళ్లు చూసుకోవాల్సింది: చేప ఆర్డర్ ఇచ్చినంక నూనెల పడుతున్నదా, ముందే పడి ఉన్నదా. పచ్చి చేప ముట్టిన చెయ్యే క్యాబేజీల పెడుతున్నడా. నూనె వాసన పది అడుగుల కెల్లి ముక్కుకు తగులుతుందా. అట్లయితే నిమ్మసోడా తాగి పోవుడే.

కెచప్ సీసా బల్ల మీద పెట్టకుండ్రి. అడిగితే ఇయ్యుండ్రి, అంతే.

---

బండి_హన్మకొండ

ఎండబెట్టి గిర్నిల పట్టించే పద్ధతి ముందు చేసి చూస్త. పెంకమీద_మక్కరొట్టె అన్నా, ఒక్కటి చెప్పు: ఆ పొడి ఎన్ని రోజులు నిలుస్తది?

---

పెంకమీద_మక్కరొట్టె

గింజ గట్టిగ ఎండితే, గాలి చొరని డబ్బాల నెల రోజులు. మక్కల మొలకల నూనె ఉంటది, ఎండకు, వేడికి అది చేదెక్కుతది, కాబట్టి ట్రక్కుల పొయ్యి పక్కన డబ్బా పెట్టకు. వానాకాలంల రెండు వారాలకు సరిపడనే పట్టించుకో. కలిపిన ముద్ద అయితే పొద్దటిది రాత్రి దాకనే, పుల్ల వాసన వస్తే పారెయ్యి. మొదటిసారి కిలోతోనే చెయ్యి, గిర్నిల ముందుగాల మిర్చి గాని పసుపు గాని పట్టినరా అని అడుగు.